తువ్వాల కింది చాకు

మా ఇంట్లో ఒక చొక్కా ఉండేది. లేత నీలం, నిలువు గీతలు. దాని ముందు కొస జానెడు మేర లేదు. ఆ లేని జానెడు గుడ్డ మీద నేను పన్నెండేళ్ళు దర్జాగా బతికాను. ఉన్న ఆస్తి మీద అందరూ బతుకుతారు. లేని గుడ్డ మీద బతకాలంటే కొంత పనితనం కావాలి.

అసలు జరిగింది ముందే చెప్పేస్తాను. ఎందుకంటే తర్వాత చెప్పినప్పుడు నన్ను ఎవరూ నమ్మలేదు.

ఆ రోజు పెబ్బేరు సంతకు పోయాను. అమ్మేది లేదు, కొనేది లేదు. నాకున్నది మూడెకరాల పత్తి, తోక ఉన్న జీవి మా కొట్టంలో ఒక్కటీ లేదు. అయినా పశువుల సంతకు పోకపోతే నాకు వారం గడిచినట్లే ఉండదు. మధ్యాహ్నం ఎండకు ఒక బండి నీడన నడుం వాల్చాను. లేచేసరికి ఒక దూడ నా చొక్కా కొస నోట్లో పెట్టుకుని, కళ్ళు సగం మూసి, తల్లి పొదుగే అనుకుని చీకుతున్నది. నేను లాగాను. అదీ లాగింది. గుడ్డను ఇద్దరం పంచుకున్నాం. పెద్ద పాలు నాకు, చిన్న పాలు దానికి. తర్వాత బస్సెక్కి మళ్ళీ నిద్రపోయి, ఎర్రవల్లి చౌరస్తాలో దిగాల్సినవాడిని వడ్డేపల్లిలో దిగాను. వెనక్కి బస్సు లేదు. ఒక దుకాణం అరుగు మీద పడుకుని మర్నాడు పొద్దున ఇల్లు చేరాను.

పెళ్ళాం బిడ్డలున్న మగవాడు ఒక పూటంతా కనిపించకుండా పోయి, ముప్పాతిక చొక్కాతో గడపలో నిలబడి, దూడ చీకింది, బస్సులో నిద్రపట్టింది అని చెప్పుకుంటే ఏం మర్యాద? నాకు మనసొప్పలేదు. పొద్దుగూకే వేళ వడ్డేపల్లి అవతల కాలువ కట్ట మీద ముగ్గురు దొంగలు అడ్డం వచ్చారని చెప్పాను. నా కుడి చెయ్యి వాళ్ళు పట్టుకున్నారు. ఎడమ చెయ్యి భుజం మీది తువ్వాల కింద దాచి, జేబులోని మడత చాకును ఆ ఒంటి చేత్తోనే తెరిచాను. తువ్వాల తొలగించగానే చాకు మెరుపు చూసి ముగ్గురూ జొన్న చేలో పడి పరుగో పరుగు.

నా భార్య చొక్కా అందుకుని, చిరిగిన అంచును రెండు వేళ్ళతో నలిపి చూసింది.

"దొంగలకు పండ్లు లేవా ఏంది? ఇది చించినట్లు లేదు, చీకినట్లున్నది" అన్నది.

అంతే. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. చొక్కా మాత్రం పారెయ్యకుండా పెట్టె అడుగున దాచింది. ఎందుకు దాచిందో అప్పుడు నాకు అర్థం కాలేదు.

ఊళ్ళో నా కథకు మంచి గిరాకీ వచ్చింది. ముగ్గురు దొంగలు రెండేళ్ళకు అయిదుగురయ్యారు. దొంగలకు మాత్రం సంసారాలుండవా? ఆ తర్వాత ఏడుగురి దగ్గర నిలిపాను, అంతకు మించితే కాలువ కట్ట వెడల్పు చాలదు. వాళ్ళలో ఒకడికి గుబురు మీసాలు పెట్టాను. ఇంకొకడిని, ఊరికే ఉంటాడు కదా అని, ఎడమ చేతివాటం చేశాను. ఈ ఎడమ చేతివాటం నన్ను ఎక్కడికి తెచ్చి నిలబెడుతుందో అప్పుడు తెలిస్తే వాణ్ణి పుట్టించకనే పోదును.

సంతలో మాది నలుగురి జమాయింపు. మా ఊరి కమ్మరి బావ సంత అంచున తాటిపత్రి పరిచి కొడవళ్ళు, గొడ్డళ్ళు, చాకులు అమ్ముతాడు. నాకు వరసకేమీ కాడు, ఊరి వరసన బావ. గద్వాలలో చీరలు నేసే అన్న ఒకడు, ఆరు రోజులు మగ్గం గుంటలో ముడుచుకున్న కాళ్ళు చాపుకోవడానికి ఏడో రోజు సంతకు వస్తాడు. నలభై ఏళ్ళుగా పశువుల బేరాలు కుదిర్చే దలాలీ ముసలాయన మూడోవాడు, ఆయన్ను అందరూ కాక అంటారు. నాలుగోవాడిని నేను. నా పని మాట్లాడటం.

నా కథ విన్నవాళ్ళంతా దొంగల గురించి అడిగేవారు. కమ్మరి బావ ఒక్కడే చాకు గురించి అడిగాడు. ఏ మాట చెప్పినా దాన్ని ఎర్రగా కాల్చి, సమ్మెట దెబ్బ వేసి చూస్తే గాని నమ్మని మనిషి. నమ్మితే మాత్రం ఇక వదలడు.

"మడత చాకుకు గోరు పెట్టి లాగే గంటు ఉంటది బావా. గోరు రెండో చేతిది కావాలె. ఒంటి చేత్తోని ఎట్ల తెరిచినవ్?" అన్నాడు.

ప్రాణం మీదికి వస్తే చెయ్యి తనంతట తనే నేర్చుకుంటుందని ఏదో చెప్పి తప్పించుకున్నాను. ఆయన తల ఊపాడు. ఆ ప్రశ్న ఆయన లోపల ఏళ్ళ తరబడి రాజుకుంటూనే ఉందని నాకు తెలియదు.

అది భగ్గుమన్నది కిందటేడు. బావకు ఒక్కతే బిడ్డ. మూడేళ్ళు నర్సు చదువు చదివింది. వడ్డేపల్లి దిక్కున ఒక ఊరి దవాఖానలో కొలువు దొరికింది. అప్పుడున్న నర్సమ్మ కాన్పుకు పోతున్నది, ఆరు వారాలకు ఈమె వచ్చి చేరాలి, రాకపోతే ఇంకొకరిని పెట్టుకుంటామన్నారు. అంతా బాగానే ఉంది. కానీ బస్సు దిగి దవాఖాన చేరాలంటే కాలువ కట్ట మీద రెండు కిలోమీటర్లు నడవాలి. నా కాలువ కట్ట. నా ఏడుగురు దొంగలున్న కట్ట.

బావ వద్దన్నాడు. పిల్ల పోతానన్నది. మూడు రోజులు ఇంట్లో ఎవరూ సరిగా తినలేదట. చివరికి తండ్రి ఒక మాట మీదికి వచ్చాడు. తువ్వాల కిందో, చున్నీ కిందో ఒంటి చేత్తో తెరిచే చాకు తాను తయారు చేస్తాడు. అది కుదిరితే పోవచ్చు. కుదరకపోతే కొలువు లేదు.

అప్పటి నుంచి ఆరు సంతలు మా జమాయింపుకు ఇంకో ముచ్చట లేదు. ఆత్మరక్షణ అనే మాటను మా నేతన్న ఎక్కడో పట్టుకొచ్చాడు. దాంతో మా మాటలకు పెద్దరికం వచ్చింది. మా నలుగురిలో ఎవరి మీదా ఎవరూ ఎన్నడూ దాడి చేయలేదు. కాకను మాత్రం ఒక పొట్టేలు తరిమింది, అదీ వెనక నుంచి. అయినా చాకు ఎలా ఉండాలన్న విషయంలో తలా ఒక అభిప్రాయం, ఒక్కొక్కటీ రాతి మీద చెక్కినంత గట్టిది.

మొదటి వారం బావ పాత మడత చాకుకు వీపు మీద శనగగింజంత గుండీ అతికించి తెచ్చాడు. బొటనవేలితో దాన్ని నెడితే చాలు, టక్కున తెరుచుకుంటుంది. నిజంగానే తెరుచుకున్నది. తెరుచుకున్నంత తొందరగా మూసుకున్నది కూడా, బావ చూపుడువేలి మీద. పిల్ల అక్కడే కొడవళ్ళు అమ్ముతున్నది. మాట్లాడకుండా వచ్చి వేలికి కట్టు కట్టి, మళ్ళీ పోయి కూర్చున్నది. ఆ కట్టు ఎంత పొందికగా ఉందో మేమెవరం గమనించలేదు. చాకుకు తాళం ఎట్లా పెట్టాలన్నదే మా ధ్యాస.

రెండో వారం లోపల ఇత్తడి రేకుతో తాళం పెట్టాడు. ఈసారి తెరిచాక మూసుకోలేదు. ఎంత నొక్కినా మూసుకోలేదు. పొద్దుగూకి బస్సులో ఇంటికి పోయేటప్పుడు దాన్ని మొక్కజొన్న కంకికి గుచ్చి పట్టుకుపోవాల్సి వచ్చింది. పక్కన కూర్చున్నాయన కంకి ఎంతకు తెచ్చావని అడిగాడట.

మూడో వారం పిడి గురించి. భయానికి చెయ్యి చెమట పడితే పిడి జారుతుందని నేతన్న కనిపెట్టాడు. మగ్గం మీద మిగిలిన పట్టుదారం తెచ్చి పిడికి చుట్టాడు. చుట్టినవాడు ఊరుకుంటాడా, చేతిలో ఉన్న విద్య ఊరుకోనిస్తుందా? చివర రెండు వేళ్ళ మందాన జరీ అంచు దించాడు. కాక ఆ చాకును అటు తిప్పి ఇటు తిప్పి చూసి,

"ఇది దొంగను బెదిరియ్యనీకె కాదు, దొంగ బిడ్డ పెండ్లిల చదివిచ్చనీకె ఉన్నది" అన్నాడు.

కాకకు మొనల మీద నమ్మకం లేదు. నలభై ఏళ్ళు పశువుల మధ్య తిరిగినవాడు. ఏ జీవీ మొనకు భయపడదని, కట్టెకు భయపడుతుందని ఆయన సిద్ధాంతం. అందుకని పిడిని పొడుగు చెయ్యమన్నాడు. ఎంత పొడుగు అంటే జానెడన్నాడు, తర్వాత మూరెడన్నాడు. అట్లయితే అది కట్టె అవుతుంది కదా కాకా అని నేతన్న అంటే, పొద్దటి నుంచి నేను చెప్తున్నది అదే కదా అన్నాడు ముసలాయన. ఆ రోజు వాళ్ళిద్దరూ వేర్వేరు చోట్ల చాయ్ తాగారు.

ఇన్ని వాదాల్లోనూ తీర్పు నాదే. ఏడుగురిని ఎదిరించినవాడిని నేనొక్కడినే కదా. మొన పైకుండాలా కిందికుండాలా అని నన్నే అడిగేవారు. నేను కళ్ళు మూసుకుని, ఆ సాయంత్రాన్ని తలుచుకుంటున్నట్లు కాసేపు ఆగి, చెప్పేవాడిని. ఆ ఆగడంలోనే అసలు సుఖం ఉంది. నాలుగో వారం బావ ఉన్నట్టుండి ఎడమ చేతివాటం దొంగ సంగతి తీశాడు. వాడు ఎదురు నిలబడి ఏ చెయ్యి పట్టుకుంటాడు? కుడి పట్టుకుంటే ఎడమతో తెరవాలి, ఎడమ పట్టుకుంటే కుడితో తెరవాలి. కాబట్టి గుండీ రెండు వైపులా ఉండాలి. నేను గంభీరంగా అవునన్నాను. రెండు వైపులా గుండీలుంటే సంచిలో దానంతట అదే తెరుచుకోదా అని నేతన్నకు అనుమానం వచ్చింది. అయితే రెండూ ఒకేసారి నొక్కితేనే తెరుచుకునేటట్లు చేస్తానన్నాడు బావ. దానికీ అవునన్నాను.

అయిదో వారానికి అట్లాగే చేసి తెచ్చాడు. చూడముచ్చటైన పని. పట్టుపిడి, జరీ అంచు, అటొకటి ఇటొకటి ఇత్తడి గుండీలు. పిల్ల దాన్ని ఒడిలో పెట్టుకుని రెండు చేతులతో రెండు వైపులా నొక్కి తెరిచింది.

"మంచిగున్నది నాయినా. దొంగను జర ఆగుమని చెప్పి, సంచి కింద పెట్టి తెరవాలె" అన్నది.

మేము నవ్వలేదు. ఆడపిల్లకు పనిముట్ల సంగతి ఏం తెలుసు అన్నట్లు ముఖాలు పెట్టి, గుండీని ఇంకో గింజంత పెంచాలా అని చర్చలో పడ్డాం.

ఆ వారం మధ్యలో నేను పత్తి చేలో గడ్డి పీకుతుంటే ఆ పిల్ల గట్టు మీదికి వచ్చి నిలబడింది.

"మామా, ఆ దొంగలు ఎంతమంది?"

"ఏడుగురు."

"నేను ఐదో తరగతిల ఉన్నప్పుడు ముగ్గురే ఉండిరి."

"గప్పుడు సరిగ్గ లెక్కపెట్టలే బిడ్డా. పరేషాన్ల ఉంటి."

"అత్త నాకు చొక్క చూపించింది" అన్నది.

గడ్డి పీకుతున్న చెయ్యి ఆగింది. పెట్టె అడుగున ఆ చొక్కా ఎందుకు భద్రంగా ఉందో పన్నెండేళ్ళకు తెలిసింది.

మీ నాయినకు నువ్వే చెప్పరాదా అన్నాను. తాను చెబితే కొలువు కోసం చెబుతున్నదంటాడని, అది నా నోట పుట్టింది కాబట్టి నా నోటనే చావాలని అన్నది. కోపంగా అనలేదు. సూది వేసే ముందు నర్సమ్మలు మాట్లాడే తీరు ఉంటుంది చూడండి, అట్లా అన్నది. తర్వాత ఆమె అన్న మాట మాత్రం నాకు ఇప్పటికీ లోపల గుచ్చుకునే ఉంది.

"ఐదు వారాలసంది మీరు నలుగురు కూసోని, ఆళ్ళు నన్ను ఎట్ల పట్టుకుంటరు, నేను ఆళ్ళను ఎట్ల పొడవాలె అని మాట్లాడుతున్నరు. నా బస్సు ఎన్ని గంటలకని ఒక్కలన్న అడిగిండ్రా మామా? సోమవారం చేరకపోతే కొలువు పోతది. శనివారం లోపట ఆ ఏడుగుర్ని కట్ట మీదికెళ్ళి దింపు."

శనివారం సంతలో చాయ్ నా ఖర్చు మీద తెప్పించాను. అప్పుడే వాళ్ళకు అనుమానం రావాల్సింది. గొంతు సవరించుకుని ఉన్నదున్నట్లు చెప్పేశాను. దొంగలు లేరు, చాకు తీయలేదు, చొక్కా చీకింది దూడ, నేను బస్సులో నిద్రపోయాను. నా బతుకులో అంత పొట్టి కథ ఎప్పుడూ చెప్పలేదు.

ముందుగా నేతన్న ముఖం చిన్నబోయింది. చీరలు కొనడానికి వచ్చిన పట్నం ఆడవాళ్ళకు కూడా నా కథ చెప్పి, ఆ వీరుడు నా దోస్తే అని గొప్పగా చెప్పుకున్నాడట. కాక మాత్రం చాయ్ గ్లాసు పక్కన పెట్టి, బేరానికి వచ్చిన ఎద్దు పండ్లు చూసినట్లు నా కథను పరిశీలించాడు. సంతకు దూడను తెచ్చినవాడు తల్లి పక్కన కట్టేస్తాడు గాని ఊరి మీద వదలడు. వదిలినా దూడ నూలు గుడ్డ చీకుతుందేమో గాని టెర్లిన్ గుడ్డ ముట్టదు, దానికి వాసన పడదు. నలభై ఏళ్ళలో తాను చూడలేదు. కాబట్టి ఈ కథ అబద్ధం, దొంగల కథే నిజం.

పన్నెండేళ్ళు అబద్ధం చెబితే ఒక్కడు ఎదురు ప్రశ్న వేయలేదు. నిజం చెప్పగానే సాక్ష్యాలు అడుగుతున్నారు.

కమ్మరి బావ నా వంకే చూస్తున్నాడు. ఆయన కళ్ళలో కోపం లేదు, అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

"పిల్ల చెప్పిపిచ్చింది కద బావా. నాకు తెల్వదా? నీ అసుంటి మొగోని మీదికి ఏడుగురు వచ్చిన తొవ్వ అది. గా తొవ్వల నా బిడ్డ ఒక్కతే నడవాలె. నువ్వు నా జాగల ఉంటే పంపుతవా?"

నేను లేని తల్లి మీద, ఉన్న పెళ్ళాం మీద ఒట్టు పెట్టాను. నా ఒట్ల విలువ వాళ్ళకు తెలుసు. చివరికి బావే ఒక పరీక్ష పెట్టాడు. కొత్త చాకు తీసుకుని, ఆ రోజు తెరిచినట్లే తువ్వాల కింద ఒంటి చేత్తో తెరవాలి. తెరవగలిగితే దొంగల కథ నిజం, ఆ చాకు పిల్లకు ఒంటి చేత్తో తెరుచుకోదని తేలింది కాబట్టి పిల్ల ఇంట్లో ఉంటుంది. తెరవలేకపోతే నేను అబద్ధాలకోరును, పిల్ల సోమవారం కొలువుకు పోతుంది.

వింటుంటే ఎంత సులువు చూడండి. నేను చేయాల్సిందల్లా చేయలేకపోవడం. జన్మంతా అలవాటైన పని.

కొడవళ్ళ మధ్య వద్దు, ఎవరికన్నా తగులుతుందని కాక అందరినీ ఆవుల వరస దగ్గర ఖాళీ జాగాలోకి నడిపించాడు. నలుగురం నడిస్తే నలభై మంది వెంట వచ్చారు. ఏడుగురిని తరిమిన అన్న మళ్ళీ చాకు పడుతున్నాడట అని గుసగుసలు. పిల్ల ముందు వరసలో చేతులు కట్టుకుని నిలబడింది. నేను తువ్వాల కప్పుకుని, దాని కింద చాకు పట్టుకుని, చెయ్యి ముందుకు చాపాను.

ఓడిపోవాలి, ఓడిపోవాలి అని మనసులో అనుకుంటూనే ఉన్నాను. కానీ అంతమంది చూస్తున్నారు. నా బొటనవేలు నా మాట వినలేదు. అది తనంతట తనే పోయి ఒక గుండీని నొక్కింది. చూపుడువేలు రెండోదాని కోసం వెతికింది. అందలేదు. నాకు రోషం వచ్చింది. పళ్ళు బిగించి, ముఖం ఎర్రబడేటట్లు నిజంగానే తెరవడానికి తంటాలు పడ్డాను. ఆ పిల్ల కొలువు గుర్తుండి కూడా పడ్డాను. ఈ సంగతి ఆమెకు ఇంతవరకు చెప్పలేదు.

ఇక్కడ పెబ్బేరు సంత పద్ధతి ఒకటి తెలియాలి. పశువు ధర నోటితో చెప్పరు. అమ్మేవాడు, కొనేవాడు ఒక తువ్వాల కింద చేతులు కలిపి, వేళ్ళు పట్టుకుని బేరమాడతారు. ఒక వేలు పట్టుకుంటే ఒకటి, చెయ్యి మొత్తం పట్టుకుంటే అయిదు. వేలా, పదివేలా అన్నది పశువును చూస్తే తెలుస్తుంది. అంటే ఆవుల వరసలో నిలబడి, తువ్వాల కప్పిన చెయ్యి ముందుకు చాపడం అంటే నాకు మీ ఆవు కావాలి అని చాటింపు వేసినట్లే.

రాయచూరు దిక్కు నుంచి వచ్చిన ఒక రైతు పొద్దటి నుంచి తన ఆవును అడిగేవాడు లేక నిలబడి ఉన్నాడు. నా చెయ్యి ఆయన ఎదురుగానే ఉంది. ఆయన చెయ్యి తువ్వాల కిందికి వచ్చింది. నేను చాకు పోరాటంలో ఉన్నాను, ఎవరి వేళ్ళు ఎవరివో తెలియలేదు. నా మూడు వేళ్ళు పట్టుకుని చూసి, ఆయన "బ్యాడ" అని తల అడ్డంగా ఊపాడు. నేను గుండీ కోసం నాలుగో వేలు సాచాను. ఆయన ముఖం విప్పారింది. బాగానే పెంచాననుకున్నాడు.

"ఆయ్తు" అని నా పిడికిలి మొత్తం పట్టి గట్టిగా పిసికాడు. బేరం కుదిరింది అన్నమాట.

టక్కుమన్నది.

తువ్వాలను చీల్చుకుని మా ఇద్దరి మధ్య నుంచి రెండంగుళాల మొన బయటికి వచ్చింది. ఆయన చెయ్యి వెనక్కి లాక్కుని వేళ్ళు లెక్కపెట్టుకున్నాడు. అయిదూ ఉన్నాయి.

"ఏన్రీ ఇది, బేరమా, కోతా?" అన్నాడు.

జనం గొల్లుమన్నారు. బావ మాత్రం ఆ మొననే చూస్తున్నాడు. పనివాడికి తన పని పారినప్పుడు ముఖంలో వచ్చే వెలుగు ఆయన ముఖంలో వచ్చింది.

"తెరుచుకున్నది" అన్నాడు మెల్లగా.

"తెరుచుకున్నది లే. దొంగ గూడ ఒక చెయ్యి ఏస్తే తెరుచుకుంటది" అన్నాడు కాక.

ఆ మాటే కొంప ముంచింది. బావ గిర్రున కాక వైపు తిరిగాడు. అదే కదా మరి, ఆ రోజు దొంగలు నా కుడి చెయ్యి పట్టుకున్నారని నేను మొదటి నుంచి చెబుతూనే ఉన్నాను, ఎడమ చెయ్యి కూడా పట్టి వాళ్ళు పిసికితేనే తెరుచుకుని ఉంటుంది, ఇన్నేళ్ళకు చిక్కు వీడింది అన్నాడు. నేతన్న చప్పట్లు కొట్టాడు. తన దోస్తు మళ్ళీ వీరుడయ్యాడు. నేను ఓడిపోయి కూడా గెలిచాను. పిల్ల వంక చూశాను. ఆమె కళ్ళు దించుకుని చున్నీ కొస వేలికి చుట్టుకుంటున్నది. సోమవారం ఆమె చేతుల్లోంచి జారిపోవడం నా కళ్ళతో నేనే చూశాను.

అప్పుడు వెనక నుంచి ఎవరో నా చొక్కా లాగారు.

మెత్తగా, తడిగా లాగారు. నాకు తిరిగి చూడాల్సిన అవసరం లేదు. పన్నెండేళ్ళయినా ఆ లాగుడు మరిచిపోయేది కాదు. ఆ రాయచూరు ఆవు వెనక దాని దూడ ఉన్నది. తాడు వదులైందో ఏమో, నా చొక్కా వెనక కొస నోట్లో పెట్టుకుని, కళ్ళు సగం మూసి చీకుతున్నది. నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. నేను కదల్లేదు. నా బతుకులో ఏమీ మాట్లాడకుండా, ఏమీ చేయకుండా నిలబడటం అదే మొదలు. లాగమ్మా, ఇంకా లాగు అని లోపల మొక్కుకుంటున్నాను.

కాక దగ్గరికి వచ్చి నా కాలరు గుడ్డ వేళ్ళతో రుద్ది చూశాడు.

"టెర్లినే" అన్నాడు. నలభై ఏళ్ళ అనుభవం ఆ ఒక్క మాటలో దిగిపోయింది.

దూడ తల విదిలించింది. పర్రున చిరిగింది. జానెడు గుడ్డ నములుకుంటూ అది తల్లి పక్కకు పోయింది.

కమ్మరి బావ వంగి, చిరిగిన అంచును రెండు వేళ్ళతో నలిపాడు. అచ్చం మా ఇంటావిడ లాగానే.

"అంటే పన్నెండేండ్లు నేను భయపడ్డది దూడకా" అన్నాడు. "ఆరు వారాలు కొలిమి రాజేసిన బావా" అన్నాడు.

పిల్ల వచ్చి నా చేతిలోంచి చాకు తీసుకుని, రెండు చేతులతో నొక్కి మడిచింది.

"నాయినా, సోమవారం ఏడు గంటల బస్సుకు పోత" అన్నది.

బావ తల ఎత్తలేదు.

"ఏడుకు రాదు. ఏడుంబావుకు వస్తది. జర ముందుగాల పోయి నిలబడు, సీటు దొరుకుతది" అన్నాడు.

పిల్ల తండ్రి ముఖంలోకి చూసింది. బస్సు వేళ ఎవరూ అడగలేదన్నది ఆమె. ఆయన అడగలేదు గాని, పోయి కనుక్కుని వచ్చి ఉన్నాడు. ఎప్పుడు పోయాడో మాకెవరికీ చెప్పలేదు.

రాయచూరు రైతును ఒప్పించి ఆ బేరం రద్దు చేయడానికి కాకకు గంట పట్టింది. ఎంతకు కొన్నానో నాకు ఇప్పటికీ తెలియదు. ఆయన మాత్రం అంత మంచి ధర మళ్ళీ రాదని చాలా బాధపడ్డాడు. ఆ సాయంత్రం ఇంటికి పోతే నా భార్య చొక్కా అంచు పట్టి చూసి, ఈసారి ఎంతమంది అని అడిగింది. దూడ అన్నాను. ఆమె గుడ్డను దీపం వైపు తిప్పింది.

"ఏమో, ఈసారి చించినట్లే ఉన్నది" అన్నది.

పిల్ల కొలువులో చేరి నెలన్నర అయ్యాక ఒక సెలవు రోజు సంతకు వచ్చి తండ్రి పక్కన కూర్చున్నది. మేము ముగ్గురం చుట్టూ చేరాం. చాకు సంచిలోనే ఉందట. దవాఖానలో కత్తెర మొద్దుబారితే పట్టీలు కోయడానికి వాడుతున్నదట. అక్కడి డాక్టరమ్మ ఇంకొకటి చేయించి తెమ్మన్నదని, జరీ అంచు మాత్రం తప్పక ఉండాలన్నదని చెప్పింది. నేతన్న కాలరు సర్దుకున్నాడు. కట్ట మీద ఎవరన్నా అడ్డం వచ్చారా అని బావ అడగలేక అడిగాడు. ఒక కుక్క వచ్చిందని, పక్కనున్న కంపకట్టె ఎత్తి చూపిస్తే తోక ముడుచుకుని పోయిందని ఆమె చెప్పింది.

కాక లేచి నిలబడ్డాడు. నలభై ఏళ్ళుగా తాను మొత్తుకుంటున్నది ఏమిటో ఇప్పుడన్నా తెలిసిందా అని ఒక్కొక్కరి ముఖం చూశాడు. బావ అప్పుడే ఒక కొడవలి పిడి అందుకుని, కట్టెకు కింద ఇనుప పొన్ను వేస్తే ఎట్లా ఉంటుంది, ఎంత పొడుగు ఉండాలి అని లెక్కలో పడ్డాడు. అలవాటు కొద్దీ అందరూ నా వంక తిరిగారు. నేను కళ్ళు మూసుకుని, కాసేపు ఆగాను. ఆ సుఖం మళ్ళీ మెల్లగా ఒంట్లోకి వస్తున్నది.

"ముందుగాల ఒకటి చెప్పు బిడ్డా. ఆ కుక్కలు ఎన్ని?" అన్నాను.

పిల్ల తాను సర్దుతున్న కొడవళ్ళ మీది నుంచి చూపు తిప్పలేదు.

"ఒక్కటే మామా" అన్నది. "పెంచకు."